సావుకారు మార్పు అడిగితే ఏ పద్ధతి పట్టుకోవాలి?

బరంపురంలో ఒక బట్టల దుకాణానికి మేం బిల్లింగు సాఫ్ట్‌వేరు పెట్టి మూడు రోజులైంది. సావుకారు గారు నన్ను గల్లాపెట్టె దగ్గరికి పిలిచి, అప్పుడే వచ్చిన బిల్లు చింపి చేతిలో పెట్టారు. "అంతా బావుంది బాబూ. సరుకు పేరొక్కటి ఒడియాలో పడాల. పల్లెల నుంచి వచ్చినోళ్లు చదువుకోవాల కదా. అంతే." అలాగేనండీ అన్నాను. రేపటికి అయిపోతుందనే అనుకున్నాను. తొమ్మిది రోజులు పట్టింది.

ఎందుకంటే ఆ చిన్న బిల్లు ప్రింటరు కాగితాన్ని వేడితో నల్లబరిచి అక్షరాలు వేస్తుంది, దానిలో ముందే ఉన్న అక్షరాలు ఇంగ్లీషువి. ఒడియా పంపితే ప్రశ్నార్థకాలు వచ్చాయి. ప్రతి పేరునీ కంప్యూటర్లో బొమ్మగా గీసి పంపాలి. బిల్లంతా బొమ్మగా పంపితే ప్రింటు నెమ్మదించి, సాయంత్రం రద్దీలో జనం గల్లా ముందు నిలబడిపోయారు. మళ్లీ మార్చి, పేరున్న వరసని మాత్రం బొమ్మగా, అంకెల వరసని మామూలుగా పంపాం. ఈలోగా గుమాస్తా కొత్త సరుకు పేర్లు ఒడియాలో కొట్టడం మొదలుపెట్టాడు. డేటాబేసులో ఆ గడి యూనికోడ్‌కి, అంటే అన్ని భాషల అక్షరాల్నీ కంప్యూటర్లో దాచే పద్ధతికి, సిద్ధంగా లేదు. కొట్టిన పేర్లన్నీ చెడిపోయాయి. "ఒక్క పేరుకి ఇన్నాళ్లేటి బాబూ?" అని ఆయన అడిగినప్పుడు నా దగ్గర జవాబుంది గానీ, దాన్ని చెప్పాల్సిన రోజు దాటిపోయింది.

ఆయన మాట మార్చలేదు. ఎదురుగా కొనుగోలుదారు నిలబడి ఉండగా తన బిల్లుని మొదటిసారి చూసుకున్నారు, చూశాక తనకేం కావాలో తెలిసింది. తప్పు నాది. ఇలాంటి మాట వస్తుందని ఊహించి, దానికి చోటు ఉంచే పద్ధతి నేను ఎంచుకోలేదు.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం లాంటి ఊళ్లలో ఇద్దరు ముగ్గురు కలిసి సాఫ్ట్‌వేరు పనులు చేసేవాళ్ల కోసం, వాళ్లకి పని ఇచ్చే దుకాణాలు, ఆసుపత్రులు, మిల్లుల వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏ పద్ధతి కొత్తది, ఏది పాతబడిపోయింది అని అడగొద్దు. మీ పనిలో మార్పు ఎక్కడ పుడుతుందో, దాని ఖర్చు ఎవరి మీద పడుతుందో ముందు చూడండి. పద్ధతి దాన్నిబట్టి తేలుతుంది.

మార్పు పుట్టే చోట్లు

మొదటిది చట్టం. 2025 సెప్టెంబరు 22న జీఎస్‌టీ రేట్లు మారాయి. అంతకుముందు రెడీమేడ్ బట్టల్లో ఒక్కోటి వెయ్యి రూపాయల దాకా 5 శాతం, దాటితే 12 శాతం. ఆ రోజు నుంచి 2,500 దాకా 5 శాతం, దాటితే 18 శాతం. 1,800 చొక్కాకి పన్ను తగ్గింది, 2,800 చొక్కాకి పెరిగింది. రేట్లని ఒక పట్టికలో, ఏ తేదీ నుంచి అమలో పక్కనే రాసి పెట్టుకున్న టీములు రెండు వరసలు కొత్తగా చేర్చి పడుకున్నాయి. "వెయ్యి దాటితే పన్నెండు" అని ప్రోగ్రాములోనే రాసేసుకున్న వాళ్లు ఎన్ని ఫైళ్లలో రాశామో వెతుక్కుంటూ తెల్లారబెట్టారు.

చాలామంది మరిచిపోయేది ఇంకోటుంది. సెప్టెంబరు 20న 12 శాతంతో అమ్మిన 1,800 చొక్కా 25న వెనక్కి వచ్చింది. తిరిగి ఇవ్వాల్సిన పన్ను పాత బిల్లు మీదున్న 12 శాతమే. అదే రోజు బదులుగా తీసుకున్న చొక్కాకి 5 శాతం. ఒకే గల్లా దగ్గర, ఒకే నిమిషంలో రెండు రేట్లు నడవాలి. "రేటు మార్చండి" అన్న రెండు ముక్కల కోరికలో ఇదంతా దాగి ఉంటుంది.

సరిహద్దు ఊళ్లకి ఇంకో మెలిక. జీఎస్‌టీ నంబరు మొదట్లో ఉండే రాష్ట్ర కోడు ఒడిశాకి 21, ఆంధ్రకి 37. గంజాం జిల్లాలోని చిల్లర వ్యాపారికి టోకున సరుకు పంపితే కేంద్ర పన్ను, రాష్ట్ర పన్ను చెరిసగం. అదే సరుకు ఇచ్ఛాపురంలో జీఎస్‌టీ నంబరున్న దుకాణానికి పంపితే రాష్ట్రం దాటే సరుకు మీద పడే ఐజీఎస్‌టీ ఒక్కటే. సరిహద్దుకి దూరంగా తయారైన సాఫ్ట్‌వేరులో దీన్ని ఎప్పుడో వచ్చే అరుదైన లావాదేవీగా ఏదో మూల మెనూలో దాచి ఉంచడం చూశాను. ఇక్కడి టోకు వ్యాపారికి అది రోజూ ఉండే పని.

రెండోది, చూశాక పుట్టే మార్పు. పైన చెప్పిన ఒడియా పేర్ల కథ అదే.

మూడోది, మాట తప్పుగా అర్థమవడం. మా ప్రాంతంలో ఇది ఎక్కువ. సావుకారు ఇంట్లో తెలుగు, గుమాస్తా నోట ఒడియా, అకౌంటెంటు కాగితం మీద ఇంగ్లీషు. ఒకాయన "బాకీ లిస్టు కావాల" అన్నారు. ఆయన మనసులో ఉన్నది జనం ఆయనకి ఇవ్వాల్సిన సొమ్ము. అకౌంటెంటు రాసుకున్నది సూరత్ వ్యాపారులకి ఆయన ఇవ్వాల్సిన సొమ్ము. మేం అకౌంటెంటు కాగితం చూసి రెండోది చేసి పెట్టాం. అందుకే ఇప్పుడు అవసరాల కాగితం దుకాణంలో పలికే మాటల్లోనే రాస్తాం, తెలుగు లిపిలో, పక్కన ఒడియా మాటతో సహా: రావాల్సిన బాకీ, ఇవ్వాల్సిన బాకీ. మాట్లాడే భాషలోనే రాయాలని గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండగానే పోరాటం మొదలుపెట్టారు. సవరల పిల్లలకి చదువు చెప్పాలని ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. పని చేసి పెట్టేవాడే అవతలి మనిషి భాషలోకి వెళ్లాలని ఆయన్ని చూస్తే తెలుస్తుంది. మా వృత్తిలో ఇంతకన్న పనికొచ్చే పాఠం నాకు దొరకలేదు.

నాలుగోది వ్యాపారం పెరగడం. రెండో దుకాణం తెరిచారు, గోడౌను వేరుచేశారు. ఇది మార్పు కాదు, కొత్త పని. దీనికి కొత్త ధర, కొత్త ఒప్పందం. పాత దానిలో కలపొద్దు.

అంతా ముందే రాసుకుని ఒకే ధర

ఏం కావాలో మొత్తం రాసి, సంతకాలు పెట్టి, ఒక ధర, ఒక గడువు అనుకోవడం. తర్వాత అడిగిన ప్రతిదానికీ విడిగా మార్పు పత్రం, విడిగా డబ్బు. దీన్ని వాటర్‌ఫాల్ అంటారు. 1970లో అమెరికా సాఫ్ట్‌వేరు ఇంజినీరు విన్‌స్టన్ రాయిస్ రాసిన వ్యాసంలోని బొమ్మనే అందరూ దీనికి మూలమని చూపిస్తారు. వ్యాసంలో ఎక్కడా ఆ పేరు లేదు. పైగా, ఇలా ఒక్క దఫాలో దిగుకుంటూ పోవడం ప్రమాదమని, పరీక్ష దశలో గానీ అసలు తప్పులు బయటపడవని, కొత్త రకం పనైతే ముందు ఒకసారి నమూనాగా కట్టి చూడమని ఆయనే చెప్పాడు. బొమ్మ మిగిలింది, హెచ్చరిక మరుగున పడింది.

అయినా ఈ పద్ధతిని తీసిపారేయను. ప్రభుత్వ టెండరు, కాలేజీ ఆఫీసు, ట్రస్టు ఆసుపత్రి లాంటి చోట్ల డబ్బు మంజూరు ముందే జరగాలి, ఆడిటుకి కాగితం చూపాలి. అక్కడ "చేస్తూ చూద్దాం" అంటే బిల్లు పాసవదు. ఉన్న పాత సాఫ్ట్‌వేరుని అచ్చం అలాగే కొత్తదానిలోకి మార్చే పనికి కూడా ఇదే మేలు, ఎందుకంటే ఏం కావాలో చెప్పడానికి పాతది కళ్లముందే ఉంది.

దీని జబ్బు ఎక్కడంటే, మార్పు తర్వాత ఖరీదవుతుందని తెలిసిన మనిషి భయంతో అన్నీ ముందే అడుగుతాడు. ఎప్పుడైనా పనికొస్తుందేమోనని ఇరవై రిపోర్టులు రాయిస్తాడు. అందులో రోజూ తెరిచేవి నాలుగో ఐదో. మిగతా పదిహేనుకీ ఆయన డబ్బు పెట్టాడు, మీరు రాత్రులు పెట్టారు. ఈ దారిలో వెళ్తే మార్పు పత్రానికి రోజుకింత అన్న లెక్క ఒప్పందంలో మొదటి రోజే రాయండి. గొడవ వచ్చాక రాసుకున్న రేటుని ఎవరూ ఒప్పుకోరు.

రెండు వారాల విడతలు

పనిని చిన్న విడతలుగా చేసి, ప్రతి విడత చివర నడిచే ముక్కని చూపించి, తర్వాతిది అప్పుడు తేల్చుకోవడం. స్క్రమ్ అనేది ఈ దారే. కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ 1995లో దాన్ని నలుగురి ముందు పెట్టారు. విడత నెల దాటకూడదు, మాలాంటి వాళ్లకి రెండు వారాలు బావుంటుంది. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటాలో పదిహేడుమంది కూర్చుని రాసిన ఎజైల్ ప్రకటన కూడా ప్రణాళికని పట్టుకుని ఉండటం కన్నా మార్పుకి తగ్గట్టు నడవడానికే ఎక్కువ విలువ ఇచ్చింది. అంటే ప్రణాళికకి విలువ లేదని కాదు, దానికీ విలువుందని అక్కడే రాశారు. ఆ వాక్యం చదవకుండా "మాది ఎజైలండీ" అని కాగితమే రాయని టీముల్ని చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే నష్టపోయేది వాళ్లని నమ్మిన చిన్న వ్యాపారి.

చూశాక పుట్టే మార్పుకి, తప్పుగా అర్థమైన మాటకి ఇంతకన్న మంచి మందు లేదు. రెండు వారాలకే బాకీ లిస్టు చూపించి ఉంటే మా తప్పు రెండు వారాల తప్పుగానే ఆగేది.

కానీ దీనికి ఒక షరతుంది, మా వైపు చాలా పనులు అక్కడే తప్పుతున్నాయి. ఏది ముందు ఏది వెనక అని తేల్చే మనిషి ఒక్కరే ఉండాలి. స్క్రమ్ గైడు ఈ మాట సూటిగా చెబుతుంది: ప్రొడక్ట్ ఓనరు అంటే ఒక్క మనిషి, కమిటీ కాదు. మన దుకాణాలు ఉమ్మడి కుటుంబాలవి. పొద్దున పెద్దాయన గల్లాలో కూర్చుంటారు, మధ్యాహ్నం చిన్నబాబు గారు, సాయంత్రం మేనమామ గారు. పెద్దాయనకి బిల్లు త్వరగా రావాలి. చిన్నబాబు గారికి ఫోనులో లెక్కలు కనబడాలి. మామగారికి అరువు ఆగాలి. ముగ్గురూ విడివిడిగా వాట్సాప్‌లో గొంతు మెసేజీలు పెడతారు, ముగ్గురి మాటా కాదనలేం. ఒక విడతలో మొదలుపెట్టింది తర్వాతి విడతలో పక్కన పడుతుంది. మూడు నెలలకి సగం సగం పనులు పది ఉంటాయి, పూర్తయింది ఒకటీ ఉండదు.

కాబట్టి మొదటి రోజే ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి అడగండి: "ముందు వెనక చెప్పేది ఎవరండీ?" పెద్దాయనే అంటే పెద్దాయనే. మిగతావాళ్ల కోరికలు ఆయన నోటి నుంచే రావాలి. దీనికి ఇల్లు ఒప్పుకోకపోతే విడతల పద్ధతి మొదలుపెట్టొద్దు. ఇది సాఫ్ట్‌వేరు ప్రశ్న కాదనిపించవచ్చు. నా అనుభవంలో ఆ ఇంటి పని నిలిచేదీ నిలవనిదీ ఇక్కడే తేలిపోతుంది.

బోర్డు మీద చీటీలు

కాన్‌బాన్ టొయోటా కార్ల కర్మాగారంలో తైచీ ఓనో తెచ్చిన ఆలోచన. ప్రతి కోరికకీ ఒక చీటీ. చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి అని మూడు వరసలు. నడిమి వరసలో ఒక్కసారి ఇన్నే ఉండాలని హద్దు. ఇద్దరుంటే రెండు చీటీలు, మహా అయితే మూడు. ఒకటి దిగితేనే ఇంకోటి ఎక్కుతుంది.

దుకాణం సాఫ్ట్‌వేరు మీద నడవడం మొదలయ్యాక వచ్చే చిల్లర మార్పులకి ఇదే సరి. కొత్తగా మొత్తం కట్టే పనికి దీన్ని వాడొద్దు. గడువు ఎప్పుడని అడిగితే చీటీల బోర్డు జవాబు చెప్పలేదు.

నేనైతే ఏది పట్టుకుంటాను

మొదటిసారి కంప్యూటరు పెట్టుకుంటున్న దుకాణమో, క్లినిక్కో, బియ్యం మిల్లో అయితే పైవాటిలో ఏదీ ఒంటరిగా వద్దు.

ముందు నాలుగైదు రోజులు కాగితాల మీద తెరలు గీయండి. దానికి విడిగా డబ్బు తీసుకోండి, కొంచెమైనా సరే. ఆ కాగితాలతో గల్లా పక్కన కూర్చుని గుమాస్తా చేత ఒక అమ్మకం, ఒక రిటర్ను, ఒక అరువు ఉత్తుత్తిగా నడిపించండి. వాళ్ల ప్రింటరు మీద ఒడియా, తెలుగు, ఇంగ్లీషు వరసలున్న బిల్లు ఒకటి అచ్చు వేసి చూడండి. మేం ఆ ఒక్క పని ముందే చేసి ఉంటే ఆ తొమ్మిది రోజుల సంగతి మొదటి రోజే తెలిసేది. పని మీకు రాకపోయినా ఆ కాగితాలు సావుకారు గారివే, ఇంకెవరికైనా చూపించుకోవచ్చు.

తర్వాత నడుమ భాగానికి స్థిరమైన ధర, గడువు. బిల్లు, నిల్వ, బాకీ, పన్ను, అంతే. అడిగినవాటిని తప్పనిసరి, ఉండాలి, ఉంటే బావుంటుంది, ఇప్పుడు కాదు అని నాలుగు కుప్పలు చేయండి. 1994లో డై క్లెగ్ చెప్పిన ఈ పద్ధతికి మాస్కో అని పేరు. ఆ నాలుగు కుప్పల ఇంగ్లీషు పేర్ల అక్షరాలు కలిపి చేసిందే గానీ, ఆ ఊరికీ దీనికీ సంబంధం లేదు. దాన్ని వాడే డీఎస్‌డీఎం అనే ఇంకో ఎజైల్ పద్ధతి వాళ్లు ఒక హద్దు పెట్టారు: తప్పనిసరి కుప్ప మొత్తం శ్రమలో 60 శాతం దాటకూడదు. వంద రోజుల పనైతే అరవై రోజుల్లో తప్పనిసరివి అయిపోవాలి. మార్పు వస్తే మిగతా నలభైలోంచి చోటు తీస్తారు, గడువు కదలదు. అన్నీ తప్పనిసరే అని సావుకారు గారు పట్టుబడితే, "రేపు పొద్దున దుకాణం తెరిచినప్పుడు ఇది లేకపోతే షట్టరు దించేస్తారా?" అని అడగండి. చాలా చీటీలు వాటంతట అవే పక్క కుప్పలోకి జరుగుతాయి.

మార్పుల పద్దు ఒకటి పెట్టండి. మామూలు పొడుగు పుస్తకమైనా చాలు. మా పద్దులో ఒక వరస ఇలా ఉంటుంది. అడిగింది: చిన్నబాబు గారు. ఏమిటి: అరువు పరిమితి దాటితే బిల్లు ఆగాలి. ఎందుకు: దసరా ముందు అరువు పెరిగిపోతోంది. ఎన్ని రోజులు: మూడు. ఏది వెనక్కి: ఖాతాదారులకి మెసేజీ పంపే పని. తేల్చింది: పెద్దాయన, సంతకం. ఇందులో "ఏది వెనక్కి" అన్న గడికి ఉన్న బలం దేనికీ లేదు. మూడు రోజులు ఊరికే పుట్టవని ఆ గడి నింపేటప్పుడు ఇద్దరికీ కనబడుతుంది. ఈ వరస రాస్తుండగానే పెద్దాయన అడిగారు: "మరి నేను ఊళ్లో లేనప్పుడు పాత ఖాతాదారు వస్తే బిల్లు ఎవరు తెరుస్తారు?" దాంతో ఇంకో అవసరం బయటపడింది, ప్రోగ్రాము రాయకముందే. వాట్సాప్‌లో వచ్చిన మాట పద్దులోకి ఎక్కేదాకా కోరికే, పని కాదు. ఇది మొదటి రోజే మర్యాదగా చెప్పేస్తే ఎవరికీ కోపం రాదు.

నడుమ భాగం నిలబడ్డాక నెలకింత అని మాట్లాడుకుని చీటీల బోర్డుకి మారండి. చట్టం వల్ల వచ్చే మార్పులు ఆ నెల సొమ్ములోనే ఉన్నాయా, విడిగానా అన్నది ఒప్పందంలో ఒక వాక్యంగా ఉండాలి. ఉన్నాయని రాయడమే న్యాయమని నా అభిప్రాయం, రేటుని పట్టికలో పెట్టుకుంటే అది మీకూ భారం కాదు.

పదిమంది దుకాణాలకి అమ్మేలా సొంత ఉత్పత్తి కడుతున్నవాళ్ల లెక్క వేరు. తేల్చే మనిషి మీ టీములోనే ఉంటాడు గనక విడతల పద్ధతి హాయిగా నడుస్తుంది. ఒక్క దుకాణం అడిగిన ప్రతిదాన్నీ అందరికీ పెట్టకుండా, వేరు వేరు ఊళ్ల నుంచి ముగ్గురు అడిగేదాకా ఆగండి.

పని ఇచ్చేవాళ్లకి రెండు మాటలు. టీముతో మాట్లాడేటప్పుడు ధరకన్నా ముందు ఇది అడగండి: "మధ్యలో నేనొకటి మార్చమంటే మీరేం చేస్తారు?" ఏదైనా చేసేస్తామండీ అన్నవాళ్లకన్నా, ఎన్ని రోజులో చూసి చెబుతామండీ అన్నవాళ్లు మీకు మేలు. జీఎస్‌టీ రేట్లు ఎక్కడ పెట్టారో తెర మీద చూపించమనండి. మీరే తెరిచి తేదీతో సహా మార్చగలిగే పట్టిక కనిపిస్తే సగం చింత తీరినట్టే.

ఏ పద్ధతిలో ఉన్నా, సీజను ముందు మార్పులు ఆపేయాలి. రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్రకి బరంపురం నిండిపోతుంది, గల్లా దగ్గర ఊపిరి ఆడదు. రజ పండుగ ముందు, దసరా ముందు కూడా అంతే. మేం యాత్రకి మూడు వారాల ముందు నుంచి, అయిపోయిన వారం దాకా రెండే ముట్టుకుంటాం: బిల్లు రాకపోవడం, పన్ను తప్పు పడటం. మిగతా చీటీలన్నీ బోర్డు మీదే ఉంటాయి. ఆ రోజుల్లో మాలో ఒకరు దుకాణంలోనే కూర్చుంటారు, కంప్యూటరు ముట్టుకోకుండా, గుమాస్తా ఎక్కడ తడబడుతున్నాడో పద్దులో రాసుకుంటూ.